మైక్రోమీటరుకు బొట్టు

మా తాత మలేషియాలో, బంటింగ్ దగ్గర రబ్బరు తోటలో మేస్త్రీ. తెల్లవారకముందే కూలీలను వరసలో నిలబెట్టి పేర్లు పిలిచేవాడు. పాల కోసం ఎవరు ఏ చెట్ల వరస గీయాలో చెప్పేవాడు. ఆ తోటలో దొర తర్వాత కారు కొన్న మొదటి మనిషి ఆయనే. తోట దాటి ఆయనకు పనేమీ లేకపోవడం వల్ల ఆ కారు ఎక్కడికీ పోయేది కాదు. అయినా ప్రతి ఆదివారం కడిగించి ఇంటి ముందు నిలబెట్టించేవాడు. మా నాన్న రోజుల్లో ఆ కారు పోయి లారీలు వచ్చాయి. తర్వాత లారీలూ ఒక్కొక్కటిగా పోయాయి. తోట ఉన్నచోట ఇప్పుడు ఫ్యాక్టరీలున్నాయి. నా వంతుకు మిగిలింది నిటారైన వెన్ను ఒక్కటే. మా ఇంట్లో గూనిగా కూర్చున్న పిల్లలకు నాయనమ్మ అన్నం పెట్టేది కాదు.

ఆ వెన్నుతోనే నేను క్లాంగ్‌లో ఒక వర్క్‌షాపులో కొలతలు చూసే పని చేస్తున్నాను. రేసు కార్లకూ రేసు బైకులకూ పిస్టన్లు, క్రాంక్‌షాఫ్టులు అడిగిన కొలతకు చేసి ఇచ్చే షాపు. ఇక్కడ నాలుగు పిస్టన్ల సెట్టు తయారవగానే నాలుగింటినీ తూచి, అన్నిటికన్నా తేలికైన దానికి సమానమయ్యేదాకా మిగతా మూడింటినీ లోపలి వైపు గీకుతారు. చేరిన కొత్తలో ఈ పద్ధతి నాకు నచ్చలేదు. బరువున్నవాటిని తేలికదాని స్థాయికి దించడం ఏం న్యాయమని యజమానిని అడిగాను.

"అలాగైతేనే ఇంజను తిరుగుతాది బాబుగారూ" అన్నాడు.

మా తాత పిలిచిన పేర్లలో ఈ యజమాని తాత పేరు కూడా ఉండేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అతన్ని నువ్వు అనడానికి నా జీతం అడ్డొచ్చేది, మీరు అనడానికి మా తాత అడ్డొచ్చేవాడు. ఎనిమిదేళ్లుగా ఆ రెండు మాటలూ లేకుండానే నెట్టుకొస్తున్నాను.

క్రాంక్‌షాఫ్టులకు సాన పట్టే మెషీను మీద ఉండేవాడు నా ఈడువాడే. తండ్రి తెలుగు, తల్లి తమిళం. పందొమ్మిదేళ్లుగా ఆ మెషీను అతనిది. రాయి ఇనుమును ఎంత తింటోందో చప్పుడు విని చెప్పగలనంటాడు. నేను చప్పుళ్లను నమ్మను. కొలతను నమ్ముతాను, అందులోనూ నా కొలతను. క్రాంక్‌షాఫ్టులో బేరింగుల మధ్య తిరిగే గుండ్రటి భాగాలు వెంట్రుకలో మూడో వంతు సన్నబడినా చాలు, అక్కడ నూనె నిలవదు. పరుగు మధ్యలో ఇంజను పోతుంది. అందుకే నేను సంతకం పెట్టనిదే ఏదీ షాపు దాటదు.

ఆయుధ పూజ రోజున మెషీన్లన్నీ ఆపి, కడిగి, పనిముట్లన్నీ బల్ల మీద పేరుస్తాం. మొదటి బొట్టు పెట్టే గౌరవం యజమాని నాకిచ్చాడు. వద్దనలేదు. అది మాకు రావలసిందే అనుకున్నాను. తక్కినవాళ్లు బొట్టు సుత్తి పిడికి పెడతారు, మెషీను మూతకు పెడతారు. మా ఇంటి పద్ధతి అది కాదు. పాలు గీసే కత్తికి మా తాత పిడి మీద కాదు, పదును మీద పెట్టేవాడు. పని జరిగే చోటనే బొట్టు ఉండాలనేవాడు. కాబట్టి నేను మందం కొలిచే నా మైక్రోమీటరు తెరిచి, ఇనుమును పట్టుకునే ఆ రెండు చిన్న ముఖాల మీదా గంధం పూసి కుంకుమ అద్దాను.

సానవాడు చూశాడు. "అక్కడేటి బాబుగారూ?"

"ఎక్కడ పెట్టాలో మాకు తెలుసు" అన్నాను.

మర్నాడు గుడ్డతో పైపైన తుడిచి పనిలో పడ్డాను. మైక్రోమీటరు పెట్టెలో సరిగ్గా ఇరవై అయిదు మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. పొద్దున్నే ఆ కడ్డీని కొలిచి, మైక్రోమీటరు నిజం చెబుతోందా లేదా అని చూసుకోవాలి. ఆ రూలు రాసి గోడకు అంటించినవాణ్ణి నేనే. ఆ రోజు మాత్రం చూసుకోలేదు. రోజంతా దేవుడి ముందున్న వస్తువును తెల్లారగానే అనుమానించడం మర్యాద కాదనిపించింది. ఆ తర్వాతి రోజుల్లోనూ ఆ మర్యాదే సాగింది.

సానవాడు ఒక రేసు కారు క్రాంక్‌షాఫ్టు తెచ్చాడు. కొలిచాను.

"మిల్లీమీటరులో రెండు నూరోవంతులు ఎక్కువుంది. ఇంకా తియ్యి."

"నా మైక్రోమీటర్లో సరిగ్గున్నాదండి."

"అయితే అది తప్పు."

"ఇంకోపాలి సూడండి లా." ఈ దేశంలో ఏ భాష మాట్లాడినా చివర ఆ 'లా' తగులుతుంది.

"నేను ఒక్కసారే చూస్తాను."

"శరి, ఉంగ ఇష్టం" అన్నాడు. కోపం వస్తే అతను తల్లి వైపు వెళ్లిపోతాడు. నా ఇష్ట ప్రకారమే తీశాడు. మళ్లీ కొలిచి, సరిగ్గా ఉందని సంతకం పెట్టాను. చివరి మెరుగు పెట్టి పంపించాడు.

మూడో రోజున ఆ ఇంజను బిగిస్తున్న చైనీస్ మేస్త్రీ క్రాంక్‌షాఫ్టును గుడ్డలో చుట్టుకుని తిరిగొచ్చాడు. ఆదివారం రేసు. "లొంగార్ లా, బాస్" అని రెండు వేళ్లు ఆడించి చూపించాడు, బేరింగులో వదులుగా ఆడుతోందని. యజమాని తన మైక్రోమీటరు తీసి స్వయంగా కొలిచాడు. అన్నిచోట్లా రెండు నూరోవంతులు తక్కువ. నా కాగితం చూశాడు. కాగితం మీద కొలత అందంగా, సరిగ్గా ఉంది. ఇక మిగిలింది ఆ తర్వాత మెరుగు పెట్టినవాడే.

"మెరుగెట్టమంటే మళ్లీ సాన పట్టినావేటి?" అన్నాడు యజమాని.

"మెరుగులో నాను తియ్యనేదు బాస్. అంతకు ముందు ఆయనే ఇంకా తియ్యమన్నాడు."

"సేసింది సేసి బాబుగారి మీద ఎడతావేటి? సోమారం నుంచి కడుగుడు బల్ల కాడికి పో. మెషీను ఇంకొకడికిస్తాను."

కడుగుడు బల్ల అంటే కిరోసినులో సామాన్లు కడిగే చోటు. కొత్తగా చేరినవాళ్లను నిలబెడతారక్కడ. సానవాడు నా వైపు చూశాడు. అందరూ చూశారు.

"నా కొలత తప్పదు" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నిజమనుకునే అన్నాను. నా బల్ల దగ్గరికి వెళ్లి, దాన్ని నాకు నేనే రుజువు చేసుకోవడానికి ఉక్కు కడ్డీని కొలిచాను. ఇరవై అయిదు మీద రెండు నూరోవంతులు. కళ్లజోడు సర్దుకుని చూస్తే, ఆ చిన్న ముఖాల మీద గంధం ఎండి పొరలా అతుక్కుని ఉంది, లేత ఎరుపులో. మరకను చూసి ఊరుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. బొటనవేలితో గట్టిగా తుడిచేశాను. మళ్లీ కొలిస్తే సరిగ్గా ఇరవై అయిదు. నా తప్పుకున్న ఒకే ఒక్క సాక్ష్యం నా వేలికి అంటుకుంది.

వెళ్లి యజమానికి చెప్పాను. అతను మైక్రోమీటరు తీసుకుని కడ్డీ పెట్టి చూశాడు. సరిగ్గా ఉంది. అతని ముఖంలో నా మీద గౌరవం పెరగడం స్పష్టంగా కనిపించింది.

"పనోణ్ణి కాపాడాలని మీ మీదేసుకుంటన్నారు. మీ తాతగారూ అలాటోరేనంట, మాయమ్మ సెప్పేది."

మా తాత ఎవర్నీ ఏనాడూ కాపాడినట్టు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. వెనక నిలబడిన సానవాడు గట్టిగా నిట్టూర్చాడు. నిజం చెప్పాక నన్నెవరూ నమ్మకపోవడం అదే మొదటిసారి. అదీ నా మంచి పేరు వల్లనే.

"కంప్యూటరు మెషీను మీద చేసిన బైకు పిన్నులు తెప్పించాలి" అన్నాను. "పూజ మర్నాడు నేను కొలిచి, ఇంకా తియ్యించి సంతకం పెట్టినవి. అవి చేసినవాడు వేరు. వాటికి మెరుగు కూడా పెట్టలేదు. అవీ రెండు తక్కువుంటే తప్పు కొలతదే."

ఆరు పిన్నులు, ఇంకా పంపించకుండా పెట్టెలోనే ఉన్నాయి. యజమాని తన మైక్రోమీటరుతోనే కొలిచాడు. మొదటిది రెండు తక్కువ. రెండోదీ అంతే. మూడోదాన్ని బల్ల మీద చాలా మెల్లగా పెట్టాడు.

"సాలు బాబుగారూ."

"ఇంకా మూడున్నాయి."

ఆరూ కొలిపించాను. ఆరూ రెండు తక్కువే ఉన్నాయి. నా తప్పును అంత శ్రద్ధగా మరెవరూ నిరూపించి ఉండరు.

యజమాని నన్ను తిట్టలేకపోయాడు. మైక్రోమీటరును తిట్టాడు, గంధాన్ని తిట్టాడు, గంధం అమ్మిన కొట్టును తిట్టాడు. కడుగుడు బల్ల దగ్గరికి నేను వెళ్తానన్నాను.

"మీరు కిరోసిన్లో సెయ్యెడితే మాయమ్మ నన్ను గుమ్మం తొక్కనిస్తాదేటి?" అని సానవాడి వైపు తిరిగాడు. "నువ్వు మెషీను కాడికెళ్లు. కింద సైజుకి సాన పట్టు. మందం బేరింగులేసుకుంటారు. శుక్రారానికి అయిపోవాల."

సానవాడు కదల్లేదు.

"ఇంకేటి?"

"రోజూ పొద్దున్న ఆయన మైక్రోమీటరు నాను సూడాల. కడ్డీ ఎట్టి, అందరి ముందరా. నాను సరే అన్నాకే ఆయన కొలత."

యజమాని నేల వైపు చూశాడు. జవాబు నేనే చెప్పాలని అర్థమైంది.

"నెల రోజులు" అన్నాను.

"సరే, నెల" అన్నాడు సానవాడు, పెద్ద మనసు చేసుకున్నట్టు.

ఆ శుక్రవారానికి క్రాంక్‌షాఫ్టు ఇచ్చేశాడు. రేసులో ఆ కారు ఎన్నోదిగా వచ్చిందో నేను అడగలేదు. ఇంజను మాత్రం చివరిదాకా తిరిగిందని చెప్పారు.

ఆ నెలంతా పొద్దున ఎనిమిదింటికి సాన మెషీను దగ్గరికి వెళ్లి, మైక్రోమీటరు చేతిలో పట్టుకుని నిలబడేవాణ్ణి. అతను తొందరపడేవాడు కాదు. టీ పూర్తిచేసేవాడు. గ్లాసు కడిగేవాడు. చేతులు ఆరేదాకా ఆగేవాడు. తర్వాత మైక్రోమీటరు అందుకుని, వెలుతురుకు పట్టి చూసి, ఊది, కాగితంతో తుడిచి, కడ్డీ పెట్టి, "ఇరవయ్యయిదు! బాబుగారు కొలవొచ్చు!" అని షాపంతా వినబడేలా అరిచేవాడు.

నెల గడిచింది. మర్నాడు నేను నేరుగా నా బల్ల దగ్గరికి వెళ్లి, కడ్డీని నేనే కొలిచి చూసుకుని, మొదటి పిస్టను పిన్ను చేతిలోకి తీసుకున్నాను. తలెత్తితే సానవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతులు అప్పటికే కడుక్కుని, ఆరబెట్టుకుని వచ్చాడు.

"ఏటి బాబుగారూ, ఈయేళ నాతో పన్నేదేటి?"

"నెల అయిపోయింది" అన్నాను.

"మీకయిపోయినాది. నాకింకా అవనేదు."

చెయ్యి చాపాడు. పిన్ను కింద పెట్టి మైక్రోమీటరు ఇచ్చాను.