గుర్రం మీద దావా

గూడూరు సోమనర్సయ్య పోయి ఏడాది దాటింది. అయినా కోడె మొండికేసి నేలమీద పడుకుంటే ఆ పక్క రైతులు ఇప్పటికీ ఆయన పేరే తలుచుకుంటారు. దుక్కులకు ట్రాక్టర్లు వచ్చాయి గాని, పత్తి సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక తోలడానికి ఎడ్లే కావాలి. కాడి ఎరగని కోడెలను ఆయన దగ్గరికి తోలుకొస్తే వారం పది రోజుల్లో దారికి తెచ్చేవాడు. కర్ర పట్టేవాడు కాదు. నాలుగెకరాల చేను, ఒక బర్రె, ఈ పేరు. ఆయన ఆస్తి ఇంతే. అందులో పేరే ఎక్కువని ఆయన లెక్క.

ఆయన బతికున్నప్పటి మాట. మేనల్లుడు రంజిత్ పెళ్లి కేసముద్రంలో జరిగింది. ఊరేగింపుకు, పెళ్లిళ్లకు గుర్రాన్ని కిరాయికి తోలే యాదగిరి తన తెల్లగుర్రాన్ని తెచ్చాడు. పెళ్లికొడుకు ఎక్కేముందు మేనమామ నాలుగడుగులు ఎక్కి దిగితే శుభమని ఆ ఇంట ఒక ఆనవాయితీ. సోమనర్సయ్య కొత్త తలపాగా సర్దుకుని ఎక్కాడు. పక్కనే డీజే మోగుతోంది. యాదగిరి లగాం పట్టుకుని ముందు నిలబడ్డాడు. గుర్రం మాత్రం కదలలేదు. అల్లుళ్లు, మరదళ్లు నవ్వుతున్నారు. నలభై ఏళ్లుగా కోడెలను నడిపించినవాడికి ఆ నవ్వు గుచ్చుకుంది. చేయి తనంతట తానే వెనక్కి పోయింది. జరీగుడ్డ కింద గుర్రం తోక మొదలు దొరికింది. ఎద్దుకు పెట్టినట్టే ఒక్క మెలిక పెట్టాడు.

గుర్రం ముందుకాళ్లు లేపింది. సోమనర్సయ్య సిమెంటు రోడ్డు మీద పడ్డాడు. కుడి జబ్బ ఎముక విరిగింది.

అందరి ఫోన్లూ డ్యాన్సు చేసేవాళ్ల మీదే ఉన్నాయి. ఆయన చేయి ఎక్కడ ఉందో ఎవరూ చూడలేదు. దవాఖానలో అడిగినవాళ్లకు గుర్రం బెదిరిందని చెప్పాడు. అది అబద్ధం కాదు, సగం నిజం. కొడుకు జగదీష్ మానుకోట కోర్టులో కొత్త వకీలు. నలుగురిలోకి గుర్రాన్ని తెచ్చి జాగ్రత్త తీసుకోలేదని, నష్టపరిహారం ఇవ్వాలని యాదగిరికి నోటీసు పంపాడు. తండ్రి ఎడమచేత్తో వేలిముద్ర వేశాడు. వేసిన రోజు అన్నం సయించలేదు. భార్య సులోచన మందుల వేడి అనుకుని మజ్జిగ కలిపి ఇచ్చింది.

నోటీసు అందిన నాలుగో రోజు పొద్దున్నే యాదగిరి వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. కోర్టుల చుట్టూ తిరిగే శక్తి తనకు లేదని, గుర్రాన్ని అడుగుతున్న మనిషి ఉన్నాడని, అమ్మి ఎంతొస్తే అంత ఇస్తానని చెప్పాడు. ఆ గుర్రం తప్ప అతనికి వేరే బతుకుదెరువు లేదని అందరికీ తెలుసు.

"ఏడేండ్ల సంది ఒక్కల్ని పడగొట్టలే అన్నా. నేనే లగాం వదులు పట్టినట్టున్న. రాత్రంత గదే యాదిజేసుకుంటున్న, ఎక్కడ తప్పు జేసిన్నో సమజైతలేదు" అన్నాడు.

సోమనర్సయ్య తల దించుకున్నాడు. నోరు విప్పితే రేపటినుంచి తన వాకిట్లోకి కోడె రాదు. విప్పకపోతే ఆ గుర్రం పరాయివాడి దొడ్లోకి పోతుంది. చేయని తప్పును వెతుక్కుంటూ ఒక మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఎంతసేపని చూడగలడు?

"నువ్వేం జెయ్యలే యాదగిరీ" అన్నాడు చివరికి. "తోక నేను మెలిపెట్టిన."

గుమ్మంలో కొడుకు పక్కన నిలబడి వింటున్న సులోచనకే ముందు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు.

"మంచిగైంది. లగ్గం గుర్రంతోని పత్తిచేన్ల సాళ్లకు అచ్చు తోలిద్దామనుకున్నవా ఏంది?"

జగదీష్ మాత్రం నవ్వలేదు. "గీ మాట ముందే జెప్పొద్దా బాపూ? కోర్టుల జడ్జి ముందట నా మొఖం ఏమయ్యేది?" అని నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు అప్పటికప్పుడే కాగితం రాసి యాదగిరి చేతికిచ్చాడు.

యాదగిరి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక అరుగు మీద కూర్చున్నాడు. ఎక్కేవాళ్లకు గుర్రాన్ని ఎక్కడ ముట్టాలో, ఎక్కడ ముట్టకూడదో తను ఎన్నడూ చెప్పలేదని, అది తన పొరపాటేనని ఒప్పుకున్నాడు. ఆపరేషను సర్కారు కార్డు మీద గడిచిపోయింది. మిగిలింది విత్తనం పని. ఆ వారమే వాన పడింది. ఆ పొరపాటుకు బదులుగా యాదగిరి, అతని భార్య రెండు రోజులు వచ్చి నాలుగెకరాలకూ పత్తి గింజలు పెట్టారు. సోమనర్సయ్య కట్టుతో గట్టు మీద కూర్చుని వంకర పోయిన సాలునల్లా ఎత్తి చూపాడు. యాదగిరి విసుక్కోలేదు. మధ్యాహ్నం ముగ్గురికీ సులోచన పచ్చిపులుసు, అన్నం తెచ్చింది.

సంగతి ఊరంతా పాకింది. హోటల్ దగ్గర, కటింగు షాపులో ఆయన కనబడితే చాలు, నవ్వే. ఆయన ఎవరికీ అడ్డం చెప్పలేదు. ఇక కోడెలు రావని మనసులో ఖాయం చేసుకున్నాడు. బర్రె ఒక్కటే ఉన్న దొడ్డిని మాత్రం రోజూ ఊడ్చేవాడు.

పత్తి మొలిచిన వారానికి పక్క ఊరి సంజీవ వచ్చాడు. వెనక పలుపుతాడుతో జత కోడెలు.

"మామా, చెయ్యి నయమయ్యేదాక నీ దొడ్లెనే ఉండనీ" అన్నాడు.

"నా సంగతి ఇనలేదారా?"

"ఇన్న. గుర్రం కొన్ననాడు యాదగిరి దగ్గరికే పోత తియ్. గివైతే ఎడ్లే గద."

సోమనర్సయ్య ఎడమచేత్తో పలుపు అందుకుని కోడెలను నీళ్ల తొట్టి వైపు నడిపించాడు.