మ్యాచ్‌కి ముందురోజు మెట్లెక్కాం

మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీముకి ఆ ఏడాది పట్టిన పెద్ద దురదృష్టం, సెమీఫైనల్ దాకా రావడం. అంతకుముందు ఏళ్ళలో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి, బస్టాండు దగ్గర పరోటాలు తిని, హాస్టలుకొచ్చి పడుకునేవాళ్ళం. ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు. ఈసారి పుత్తూరులో ఒకటి, చిత్తూరులో రెండు గెలిచేసరికి మా పీడీ సారుకి గెలుపు తలకెక్కింది.

ఆయన జీవితమంతా కబడ్డీ మనిషి. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తకూడదన్నది మా ఆటలో ఆయనకి తెలిసిన ఒకే ఒక్క నియమం, అదీ సగం రోజులు మర్చిపోయేవాడు. ప్రాక్టీసంటే మమ్మల్ని కోర్టు చుట్టూ తిప్పి, తాను నీడలో కూర్చుని ఫోను చూసుకోవడం. ఉన్న రెండు రింగుల్లో ఒకటి వంగిపోతే దానికి హాస్టలు వాళ్ళు బట్టలారేసే తాడు కట్టారు. ఆ తాడు విప్పించే ధైర్యం కూడా ఆయనకి లేకపోయింది.

ఆ మూడు మ్యాచ్‌లూ నేనే గెలిపించానని కాలేజీలో అనుకున్నారు. కెప్టెన్‌ని కదా, నేనూ అనుకోనిచ్చాను. నిజానికి గెలిపించింది నా బదులు దిగే క్లాస్‌మేటు. మా ఇద్దరిదీ ఒకే స్థానం. నేను అలిసిపోతే అతను దిగేవాడు, నేను తరచుగానే అలిసిపోయేవాణ్ణి. చిత్తూరులో వాళ్ళ నాన్నది మసీదు పక్కన పరుపులు కుట్టే దుకాణం. యూనివర్సిటీ టీములో చోటొస్తే పై చదువు చదివిస్తానని, రాకపోతే వచ్చి దుకాణంలో కూర్చోమని ఆయన తేల్చి చెప్పేశాడు. సెమీఫైనల్ చూడటానికి సెలెక్టర్లు వస్తున్నారు. ఈ సంగతి టీములో అందరికీ తెలుసు.

మ్యాచ్‌కి ముందురోజు సారు ప్రాక్టీసు రద్దు చేసి మమ్మల్ని అలిపిరికి తీసుకెళ్ళాడు. గెలవాలని మొక్కుకున్నానని, టీమంతా అక్కడి నుంచి చెప్పుల్లేకుండా నడిచి కొండెక్కాలన్నాడు. పైన నిటారుగా ఉండే మోకాళ్ళ పర్వతం మాత్రం మోకాళ్ళ మీదే ఎక్కాలన్నాడు.

"రేపు మ్యాచ్ పెట్టుకోని అన్ని మెట్లు యాడ ఎక్కేది సార్? పిక్కలు పట్టేస్తాయి," అన్నాడు నా క్లాస్‌మేటు ఒక్కడే.

సారు నవ్వాడు. "మా సామి దగ్గరికి పోతే మాకేం పట్టెయ్యవులేప్పా. నువ్వు ఈడ్నే ఉండి బూట్లు సూస్కో."

అందులో ఉన్న విషం పదకొండు మందికీ అర్థమైంది. అందరం వంగి బూట్లు విప్పి అతని ముందు పెట్టాం.

తిరుపతి వాళ్ళకి ఒక పొగరుంటుంది, కొండంటే మా పెరట్లోదే, ఎక్కడం ఒక లెక్కా అని. ఆ పొగరుతో పోటీలు పడి ఎక్కాం, మోకాళ్ళు దోక్కుపోతే వాటికి ఫొటోలు తీసుకున్నాం. దిగేటప్పుడు బస్సెక్కితే మొక్కు సగమే చెల్లుతుందని సారు సొంతంగా ఒక శాస్త్రం చెప్పి మళ్ళీ నడిపించాడు. ఆయన మాత్రం కీళ్ళ నొప్పులని రెండుసార్లూ బస్సులోనే.

కింద అతను పదకొండు జతల బూట్లు వరసగా పెట్టి, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళు కలిపి కూర్చున్నాడు.

"తాగండబ్బా, లేకుంటే రేప్పొద్దున లేయలేరు."

తాగాం. తాగి, అతన్నే ఎగతాళి చేశాం.

మర్నాడు పది నిమిషాలు కాకముందే మావాళ్ళు ఒక్కొక్కరే పిక్కలు పట్టుకుని కూలబడ్డారు. నుదుటి నామాలు చెమటకి కరిగి కళ్ళలోకి కారుతున్నాయి. అవతలి జట్టు పాపం నవ్వాపుకుంటూ ఆడింది. మొక్కు తీర్చినోళ్ళే ఆడాలని సారు అతన్ని బెంచీ మీదే కూర్చోబెట్టాడు. హాఫ్‌టైముకి ముందే నా ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. అప్పటికి సారుకి కూడా బుద్ధొచ్చినట్టుంది, నా దగ్గరికి వచ్చాడు.

"వాణ్ణి దించేదా? కెప్టెన్ నువ్వే గదా, చెప్పు."

అతను అప్పటికే పైచొక్కా విప్పి నిలబడ్డాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో సెలెక్టర్లు.

"నాకేం కాలేదు సార్, ఆడతా," అన్నాను.

అతను మళ్ళీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

పరువు పోయేలా ఓడిపోయాం. సెలెక్టర్లు మా టీములో ఎవరి పేరూ రాసుకోలేదు. ఆ వేసవికి అతను దుకాణంలో కూర్చున్నాడు. ఈ కథ నేను ఆఫీసులో, పెళ్ళిళ్ళలో చాలాసార్లు చెప్పాను. సారు బస్సెక్కిన దగ్గరికొచ్చేసరికి అందరూ పడీపడీ నవ్వుతారు. అక్కడే ఆపేస్తాను.

ఆ రోజు మ్యాచయ్యాక నేను కోర్టు పక్కన పడి మూలుగుతుంటే, నా కాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు వెనక్కి వంచి, పిక్క నొక్కింది అతనే.

"ఎప్పుడు పట్టేసిందబ్బా?"

"ఇప్పుడే, లాస్ట్‌లో."

అతని చెయ్యి ఆగింది. "ఇప్పుడు పట్టిందైతే ఇంత గట్టిగా ఉండదే," అన్నాడు.

సారు మూర్ఖుడు, ఆయనకి ఆట తెలియదు. నాకు తెలుసు.

అతను మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాడు. నేను కాలు వెనక్కి తీసుకోలేదు.