పేరు చెప్పలేదు కదా

నా బ్లాగు అడుగున ఒక వాక్యం ఉండేది: 'మీ ఈమెయిలు, మీ వివరాలు నా దగ్గర భద్రం. ఎవరితోనూ పంచుకోను.' అది నేను రాసింది కాదు. బ్లాగు పెట్టిన కొత్తలో, వంటల గురించి రాసే ఎవరిదో పేజీ చివర కనబడితే, బాగుంది కదా అని తెచ్చి అతికించుకున్నాను. పిల్లల వ్యాసాల్లో గైడు వాక్యం కనబడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టే తెలుగు టీచర్ని నేను. నేనే ఒక మాట ఇవ్వాల్సిన చోట మాత్రం ఇంకొకరి వాక్యంతో సరిపెట్టుకున్నాను.

కర్నూల్లో బడి అయిపోయి ఇంటికొచ్చాక రాసుకునేదాన్ని. కోడుమూరు అవతల మా ఊరు, వాన కోసం చూసే మా నాలుగు చెక్కల చేను, మిషనోళ్ల కాలంలో కట్టిన రాతి గుడి, ఆ గుడి వరండాలో మా అమ్మ ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం. ఇవే నా సంగతులు. చదివేవాళ్లు కొద్దిమందే. కానీ బ్లాగుకు వెనకవైపు ఒక పేజీ ఉంటుంది, నాకు తప్ప ఎవరికీ కనబడదు. ఏ ఊరి నుంచి ఎవరు తెరిచారు, ఎంతసేపు ఉన్నారు అన్నీ అందులో తెలుస్తాయి. ఆ పేజీని చూసినన్ని సార్లు నేను బైబిలు కూడా తెరిచి ఉండను. రాయచోటి నుంచి ఎవరో రోజూ వస్తున్నారని స్టాఫ్ రూములో టీ తాగుతూ గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఎవరింటి కిటికీలోనో తొంగిచూసి వచ్చి చెబుతున్నానని నాకు తట్టలేదు.

ఒకసారి మా తమ్ముడి మూర్ఛ గురించి రాశాను. చిన్నప్పుడు శెనక్కాయలు ఒలిచేటప్పుడు వాడు ఉన్నట్టుండి ఆ కుప్ప మీదే పడి కొట్టుకోవడం, పెద్దవాళ్లు పరిగెత్తుకొచ్చి వాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఎవరైనా అడిగితే మా అమ్మ 'వానికి ఎండ పడదు' అని మాట దాటెయ్యడం, పెద్దయ్యాక వాడే భార్యకు చెప్పుకోవడం. రాస్తూ ఏడ్చాను. చాలామంది మెచ్చుకున్నారు.

దానికి వచ్చిన కామెంట్లలో ఒకటి 'దయచేసి ప్రచురించవద్దు' అని మొదలైంది. నేను ఒప్పుకుంటే తప్ప ఏ కామెంటూ బయటికి కనబడదు. ఆ సంగతి ఆమెకు తెలుసో తెలియదో, ముందే బతిమాలుకుంది. తనదీ కోడుమూరు పక్కే. రాయచోటికి ఇచ్చారు. పెళ్లయి రెండేళ్లయింది. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది, మాత్రలతో అదుపులో ఉంది. సంబంధం తప్పిపోతుందని వాళ్లమ్మ అప్పుడు చెప్పలేదు. మాత్రలు కుట్టుమిషను సొరుగులో, దారం ఉండల కింద దాచుకుంటుంది. ఇప్పుడు పిల్లలు కావాలనుకుంటున్నారు. ముందుగా మాత్ర మార్చాలి, భర్తను కూడా వెంటబెట్టుకుని రా అని కడపలో డాక్టరమ్మ చెప్పిందట. 'ఆయన మంచోడే అక్కా. నేనే చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మీ తమ్ముడు వాళ్లావిడకు ఎట్లా చెప్పినాడో నాకు ఒక్క మాట రాస్తారా?' అని అడిగింది.

ఇక్కడొకటి చెప్పుకోవాలి. ఆమె జబ్బు ఇది కాదు. రాయచోటీ కాదు, కుట్టుమిషనూ కాదు. అన్నీ మార్చాను. అందుకోసం మా తమ్ముడి జబ్బు కూడా వాణ్ని అడిగి మార్చాల్సి వచ్చింది. ఈ జాగ్రత్త అప్పుడు ఉండి ఉంటే ఇదంతా రాసే పనే ఉండేది కాదు.

ఆమె అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. తమ్ముడికి ఫోను చేస్తే జవాబు దొరికేది. నేను చెయ్యలేదు. 'చెల్లీ, ధైర్యంగా ఉండు. నీ కోసం తప్పకుండా ప్రార్థన చేస్తాను' అని ఆమె ఈమెయిలుకు రాసి పంపించాను. అది చాలా మంచి జవాబు అనే అనుకున్నాను.

కర్నూల్లో మేం పోయే గుడిలో ప్రతి గురువారం ఆడవాళ్ల కూడిక జరుగుతుంది. పాటలయ్యాక పాస్టరమ్మ 'ప్రార్థన మనవులు చెప్పండమ్మా' అంటుంది. ఒకరి మోకాళ్ల నొప్పి, ఒకరి కొడుకు ఉద్యోగం, ఒకరి ఎండిపోయిన బోరు. పరాయివాళ్ల కష్టమైతే పేరు చెప్పం, 'ఒక సహోదరి' అంటాం. మా అవ్వల కాలం నుంచీ ఇదే మర్యాద. పేరు ఒక్కటి దాస్తే చాలు, మిగతాదంతా విప్పి చెప్పాల్సిందే. దేవుడికి అడ్రసు సరిగ్గా తెలియకపోతే ప్రార్థన ఎక్కడికో పోతుందన్నట్టు, ఎన్ని వివరాలు చెబితే అంత మంచిదని మాకొక నమ్మకం.

నేను లేచి, ఒక సహోదరి ఉంది, మూర్ఛ జబ్బు, అత్తగారింట్లో తెలియదు అన్నాను.

"యాడిచ్చినారు పాపను?" అని ఒకామె అడిగింది.

"రాయచోటికి."

"మన పక్క పిల్లేనా?"

"కోడుమూరు పక్క."

"అయ్యో. పెండ్లయి ఎన్నేండ్లయిందో?"

"రెండేండ్లు."

"మొగుడేం జేస్తాడంట?"

అదీ చెప్పాను. ఒక్క ప్రశ్న దగ్గరైనా నా నోరు ఆగలేదు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ రోజు వచ్చిన మనవులన్నింట్లో నాదే బరువైనది. అందరూ పైట కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తున్నారు. అది నాకు బాగుంది.

పాస్టరమ్మ కళ్లు తుడుచుకుని, ఆ మనవిని అక్కడికక్కడే ఫోనులో పెట్టింది. రెండు జిల్లాల్లోని మా గుళ్లన్నింటికీ కలిపి ఒక ప్రార్థన గ్రూపు ఉంది. నేనూ అందులో ఉన్నాను. నా మాటలు నా కళ్ల ముందే అందులో కనబడ్డాయి. కింద వరసగా ఆమెన్లు వచ్చాయి. నేను కూడా ఒక ఆమెన్ పెట్టాను.

సోమవారం మధ్యాహ్నం, స్టాఫ్ రూములో అన్నం క్యారియరు విప్పుతుండగా ఆమె నుంచి ఈమెయిలు వచ్చింది. 'అక్కా, నిన్న మా గుడిలో నా కోసం ప్రార్థన చేసినారు. నేను మీకు తప్ప ఎవ్వరికీ చెప్పలేదు.' అంతే ఉంది.

క్షమాపణ అడగాలి కదా? అడగలేదు. 'నేను నీ పేరు చెప్పలేదమ్మా' అని రాశాను. రాసి పంపించాను కూడా. తప్పు చేసి దొరికిన పిల్లలు నా ముందు నిలబడి సరిగ్గా ఇట్లాగే మాట్లాడతారు. వాళ్లను గోడ వైపు తిప్పి నిలబెడతాను.

చాలా రోజులు ఆమె నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను రెండు మూడు సార్లు క్షమించమని రాశాను. చివరికి, టీచర్ల ట్రైనింగుకు కడపకు వస్తున్నానని రాస్తే, బస్టాండులో కలుస్తానని జవాబిచ్చింది. ఎప్పుడూ ఆమె మాత్రలు కొనుక్కునేది కడపలోనేనట, రాయచోటి మందుల షాపుల్లో తెలిసినవాళ్లుంటారని. కర్నూలు నుంచి కడప దాకా, బస్సు నంద్యాల దాటినా మైదుకూరు దాటినా, ఏం మాట్లాడాలో తోచలేదు. గంటలు గంటలు పాఠం చెప్పగలిగే నాకు ఒక్క వాక్యం కుదరలేదు.

నేను అనుకున్నదానికంటే చిన్నపిల్ల. చేతిలో గుడ్డ సంచి. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు. నేను సారీ అనేలోగా ఆమే మొదలుపెట్టింది.

"పాస్టరయ్య ప్రార్థన మనవులు చదువుతాండాడు అక్కా. మా అత్త నా పక్కనే మోకాళ్ల మీద ఉండాది. 'ఆ తల్లిని ఆదుకో ప్రభువా' అని గట్టిగా అంటాండాది. కోడుమూరు పక్క పిల్ల అన్న్యాక నోరు ఆగిపోయింది. కండ్లు తెరిచి నన్ను జూసింది."

"ఏమన్న్యా అనిందా?"

"ఇంటికి పోయేదాకా ఒక్క మాట ల్యా. పొయినాక, మాత్రలు యాడ పెట్టినావు అని అడిగింది. ఇచ్చినా. మాపటికి ఆయన అన్నం తింటాంటే ఆయమ్మే చెప్పేసింది. నేను నీళ్ల చెంబు పట్టుకోని నిలబడుకోనుంటి."

"కొట్టినారా పాపా? తిట్టినారా?" అని అడిగాను.

"లేదక్కా. ఎవురూ ఏమీ అన్లేదు. శానా బాగా చూసుకుంటాండారు. నన్ను పొయ్యి కాడికి పోనీరు. మిద్దె ఎక్కనీరు. గుడికి పోతే ఆడోళ్లంతా వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాండారు. బజార్లో కూడా, ఇప్పుడెట్ల ఉండాది పాపా అని అడుగుతాండారు."

నా గుండె మీది నుంచి రాయి దిగినట్టయింది. "అయితే మంచిదే కదమ్మా" అనేశాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఈమెయిళ్లలో మీరు మీరు అని రాసిన పిల్ల అప్పుడు మీరు అనలేదు.

"నేను చెప్పల్లని ఉంటి అక్కా. ఏ మాట ముందు చెప్పల్ల, ఏ మాట ఎనక చెప్పల్ల అని రోజూ అనుకుంటా ఉంటి. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు, పక్కన కూర్చోబెట్టుకోని. అది నా మాట. నువ్వు చెప్పేసినావు. ఆయన నన్ను తిట్టలేదు. ఒకటే అడిగినాడు. నాకంటే ముందు ఎవురో తెలీనామెకు చెప్పినావా, అని. దానికి నేనేం చెప్పల్ల అక్కా?"

ఆ తెలియనామెను నేనే. ఫోను తీసి, బ్లాగు తెరిచి, ఆమె కామెంటు తీసేశాను. ఈమెయిళ్లు తీసేశాను. ఆమె తల వంచి చూస్తూ కూర్చుంది.

"గ్రూపులోది?" అంది.

"అది నా చేతిలో లేదమ్మా."

"మీ గుడిలో ఇంకా చేస్తాండారా నా కోసం?"

చేస్తున్నారు. ప్రతి గురువారం చేస్తున్నారు. నేనూ కళ్లు మూసుకుని వాళ్లతోపాటే కూర్చుంటున్నాను. ఆ మాట చెప్పాను.

"ఆపమని చెప్పక్కా. నువ్వే చెప్పినావు గదా, నువ్వే ఆపమని చెప్పు. ఇంకేం వద్దు నాకు." రాయచోటి బస్సు వచ్చింది. సంచి తీసుకుని వెళ్లిపోయింది. టీ మీద మీగడ కట్టింది.

ఈసారి ఏం మాట్లాడాలో తిరుగు ప్రయాణంలో ఒక్కో మాటా కుదుర్చుకున్నాను. ఆ పాప నన్ను నమ్మి చెప్పింది. నేను మీకు చెప్పడం తప్పు. మీరు అడగడమూ తప్పే. ఆమె గురించి ఇక ఎవరూ ఏమీ అనుకోవద్దు, గ్రూపులోనుంచి తీసెయ్యండి. ఇంతే. సిగ్గు పడాల్సింది ఎట్లాగూ ఉంది, నలుగురి ముందూ పడితే తప్పేం లేదనుకున్నాను.

గురువారం వచ్చింది. పాస్టరమ్మే అడిగింది. "ఏమక్కా, ఆ రాయచోటి పాప సంగతేమన్న్యా తెలిసిందా?"

లేచి నిలబడ్డాను. "ఆ మనవి ఇంక ఆపల్ల అమ్మా" అన్నాను. "వాళ్లింట్లో తెలిసిపోయింది. వాళ్లేమీ అన్లేదంట. బాగానే చూసుకుంటాండారంట. అయితే..."

నా 'అయితే' ఎవరి చెవికీ ఎక్కలేదు. "దేవునికి స్తోత్రం!" అని పాస్టరమ్మ రెండు చేతులూ పైకెత్తింది. గదంతా చప్పట్లు. వెనక వరసలో ముసలామె ఒకతె ఏడుపు అందుకుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు. "జవాబొచ్చిందమ్మా, మన ప్రార్థనకు జవాబొచ్చింది. ఈ సాక్ష్యం ఇప్పుడే గ్రూపులో పెడతా, రాయచోటోళ్లు కూడా సంతోషపడతారు" అంటూ పాస్టరమ్మ ఫోను తీసింది.

నేనింకా నిలబడే ఉన్నాను. నోరు తెరుచుకునే ఉంది. నిండు క్లాసు గోలను ఒక్క అరుపుతో అణిచే గొంతు నాది. ఆ రోజు ఒక్కసారి గట్టిగా 'ఆగండి' అంటే ఆగేవాళ్లే. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఆ ముఖాలన్నీ మళ్లీ నా వైపే తిరిగి ఉన్నాయి.

కూర్చున్నాను. పక్కనున్నామె కళ్లనీళ్లతో నా చెయ్యి పట్టుకుని, "అంతా నీ వల్లనే అక్కా" అని గట్టిగా నొక్కింది. నేనూ ఆమె చెయ్యి నొక్కాను.