చాయ్ మీద అనుమానం

తొంభైల్లో ఒక మే నెల. అఫ్జల్‌గంజ్‌లో ట్రక్కు దిగేసరికి ఉదయం ఏడు. అప్పటికే ఎండ చుర్రుమంటోంది. మూసీ కంపు. అల్లర్ల తర్వాత కర్ఫ్యూ సడలించిన వీధుల్లో కాపలా మా పని. హెల్మెట్, రైఫిల్, నీళ్ల సీసా. హవల్దార్ ఆర్డరు ఒక్కటే: "ఎవర్నీ నమ్మొద్దు. బయట ఏమిచ్చినా నోట్లో పెట్టొద్దు."

ఇళ్లల్లో ఉండే మీకు అది అతి అనిపించొచ్చు. మాకు కిటికీ రెక్క కదిలినా గుండె జల్లుమనేది.

మూలమీది చాయ్ హోటల్ ముసలాయన రోజూ పిలిచేవాడు. "ఫౌజీ భాయ్, ఎండల నిలబడ్డరు. జర చాయ్ తాగున్రి."

మమ్మల్ని చూస్తే అందరూ తలుపులేసుకుంటుంటే, ఈయనకెందుకంత ప్రేమ? నాకు మహా అనుమానం.

మా వైర్‌లెస్ ఆపరేటర్‌కు ఒంటితలనొప్పి ఉండేది. ఒక రోజు తల పగిలిపోతోందంటూ వెళ్లి చాయ్ తాగాడు. కాసేపటికే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. అంత ఎండలోనూ వేళ్లు పాలిపోయి చల్లగా ఉన్నాయి.

"గుండె మీద ఎవడో కూర్చున్నట్టుందిరా. పోతానేమో."

సెట్టు నేనే అందుకున్నాను. "మనిషి పడిపోయాడు. విషమని అనుమానం. బండి పంపండి. ఓవర్."

హవల్దార్ ముసలాయన కాలర్ పట్టుకున్నాడు. "ఏం కలిపావ్?"

"అల్లా కసమ్ సాబ్! పాలు, చాయ్‌పత్తి, షక్కర్. గంతే! ముందుగాల పిల్లగాన్ని దవాఖానకు తీస్కపోన్రి!"

ఆస్పత్రిలో డాక్టరు గుండె పరీక్ష కాగితం చూసి, "ఏమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగాడు.

"లేదు సార్" అన్నాడు వాడు, హవల్దార్ వైపు చూస్తూ. ఒంట్లో బాగాలేదన్నవాణ్ణి మా పటాలంలో డ్యూటీ దొంగ అనేవారు. ప్రాణం పోతున్నా వాడికి ఆ భయమే!

డాక్టరు హవల్దార్‌ను బయటికి పంపాడు. "చస్తావురా, చెప్పు!" అని అరిచాను. అప్పుడు జేబు చూపించాడు. తలనొప్పి మాత్రలు. సెలవు అడగలేక ఒకటికి రెండు మింగుతున్నాడు.

"ఇది తలలో రక్తనాళాల్ని బిగించే మందు," అన్నాడు డాక్టరు. "ఎక్కడో ఒకరికి గుండె నాళాల్నీ బిగిస్తుంది. నువ్వేమో మోతాదు పెంచేశావు."

బిగిసిన నాళాల్ని వదులు చేసే మందు ఎక్కించారు. బతికాడు.

మా పటాలం ఊరు విడిచి వెళ్లే రోజు నేను హోటల్‌కు వెళ్లాను. "మాత్రల వల్ల చాచా. నీ చాయ్‌ది తప్పు కాదు."

"పిల్లగాడు మంచిగున్నడా?"

"ఉన్నాడు."

"గదే చాలు బేటా."

చాయ్ పోశాడు. చెయ్యి చాపాను. వెంటనే ఇవ్వలేదు. ఇన్నేళ్లయినా ఆ ముఖం నా కళ్లముందే ఉంది. నన్నే చూస్తూ, ముందు తానొక గుక్క తాగి, ఆ తర్వాత గ్లాసు నా చేతికిచ్చాడు.