పెద్దత్తయ్య పరీక్ష

కాంట్రాక్టరొకడు వంటగది సగం కూలగొట్టి ఫోనెత్తడం మానేశాక, వీధంతా పెద్దత్తయ్యా అని పిలిచే ఆవిడ వరండాలోనే వండుకుంటోంది. ఆ పని కోసం కొత్తగా ఏ కాంట్రాక్టరొచ్చినా ముందు చెప్పులు చూస్తుంది. సిమెంటు మరక కనబడకపోతే వీడు పని దగ్గర నిలబడే రకం కాదని తేల్చేస్తుంది. మాట మరీ తియ్యగా ఉంటే కళ్లజోడు పైకి తోసుకుని ఎగాదిగా చూస్తుంది. అలా చాలామందిని గుమ్మంలోంచే పంపేసింది.

మొన్న వచ్చినతను తను కట్టిన ఇళ్లు చూపిస్తానన్నాడు. "అవి నువ్వు ఏరి చూపించేవేగా నాయనా! మీ ఇల్లు చూపించు" అంది. "మా ఇల్లెందుకులెండి" అన్నాడతను. దాంతో అనుమానం ముదిరి, అప్పటికప్పుడే అతన్ని వాళ్లింటికి బయల్దేరదీసింది. అక్కడ వంటింటి కప్పు కారుతోంది, పొయ్యి పక్కన బకెట్టు పెట్టి ఉంది. "ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ బాగుచేస్తారు, మా ఇంటికే తీరిక ఉండదు" అంది అతని భార్య, కుర్చీ వేస్తూ. "నిజమేనండీ" అన్నాడతను.

"ముందు ఈ అమ్మాయి కప్పు బాగుచెయ్యి. వాన పడ్డాక నేనే వచ్చి చూస్తా. చుక్క కారకపోతే మా వంటగది పని నీదే" అంది పెద్దత్తయ్య.

అతని భార్య ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వాన దాకా ఎందుకమ్మా, రేపట్నుంచే వచ్చి ఈయన పని దగ్గర కూర్చోండి" అంది.