డ్రిల్ టీచరు గారి పచ్చిక

మా డ్రిల్ టీచరు గారు పోయారు. ఆ కబురు నాకు ఫోను చేసి చెప్పింది ఆవిడ దగ్గర కబడ్డీ నేర్చుకుని, ఇప్పుడు నిడదవోలులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న పాత విద్యార్థిని. ఏడుస్తూనే, "మన గ్రౌండు ఎలా ఉందండీ టీచర్?" అని అడిగింది. మనిషి పోయిన వేళ గ్రౌండు గొడవేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం సబబుగానే తోచింది.

మండపేట దగ్గర మా బాలికల హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. ఆవిడ నాకంటే బాగా పెద్ద. పొట్టి మనిషి, చీర కొంగు నడుముకి బిగించి, మెడలో ఈల వేసుకుని తిరిగేవారు. ఆ ఈల మోగితే పిల్లలే కాదు, స్టాఫ్ రూంలో కునుకు తీస్తున్న మేము కూడా సర్దుకుని కూర్చునేవాళ్లం.

తొంభైల చివర్లో మా బడి వెనక జాగా అంతా కంకర. పడిన ప్రతి పిల్లకీ మోకాళ్లు చీరుకుపోయేవి. కొందరు తల్లులు ఆటలే మాన్పించేశారు. ఆడేవాళ్లు లేనప్పుడు అక్కడ సైకిల్ స్టాండు వేద్దామని స్కూలు కమిటీ అనుకుంది. ఆవిడ నేరుగా మీటింగుకి వెళ్లి, "జనవరి జెండా పండక్కి అక్కడ పచ్చిక పరిచి చూపిస్తానండి. బతక్కపోతే మీ సైకిళ్లు పెట్టుకోండి. బతికితే అది ఆడపిల్లల గ్రౌండు, ఇక దాని ఊసెత్తకండి" అని చెప్పి వచ్చేశారు.

కంకర ఎత్తించి, మట్టి పోయించి, చదును చేయించారు. కడియం నర్సరీల నుంచి మట్టితో సహా కోసిన గడ్డి పలకలు వచ్చాయి. వాటిని అంచుకి అంచు ఆనించి పరిపించి, ఆ పూటే పైపు పట్టుకున్నారు. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నీళ్లు తుంపరగా చల్లేవారు. తరవాత ఒక మూల పైకెత్తి అడుగు మట్టి తడిసిందో లేదో చూసేవారు. "పైన మెరిస్తే సరిపోదమ్మా, కింద తడవాలి" అనేవారు. అంచుల దగ్గర మరికాస్త ఎక్కువసేపు నిలబడేవారు. "చివరి బెంచీ పిల్లల్లాగా వీటిని ఎవరూ పట్టించుకోరు. ముందు ఎండేవి ఇవే."

ఒక ఆదివారం కమిటీ ప్రెసిడెంటు గారు అటు వచ్చారు. ఆయన వరి రైతు. సాయం చేద్దామనే మంచి మనసుతో పచ్చిక చుట్టూ గట్టు వేయించి, గోడ పక్క చేలకి నీళ్లు పారే పంటబోదె లోంచి నీళ్లు పెట్టించేశారు. సోమవారం మేము వెళ్లేసరికి పలకలన్నీ నీళ్లలో మునిగి ఉన్నాయి. కొన్ని జరిగిపోయాయి కూడా.

"నాట్లేసిన చేలో నీళ్లు నిలబెట్టకపోతే ఏం బతుకుద్దండీ? మీకెందుకు శ్రమని నేనే పెట్టించేశాను" అన్నారాయన సంబరంగా. ఈ డెల్టాలో పుట్టినవాళ్లం, మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు.

ఆవిడ మొహం ఎర్రబడింది. ఈల గుప్పిట్లో బిగించారు. తరవాత అంచున ఒక పలక ఎత్తి, అప్పుడప్పుడే వస్తున్న తెల్లటి వేళ్లు చూపించారు. "వరికి నీళ్లలో నిలబడే అలవాటుందండి. దీనికి ఊపిరాడదు. గట్టు మీరే తెంచండి ప్రెసిడెంటు గారూ, మీ చేతి పని పొందిగ్గా ఉంటుంది." ఆయన నొచ్చుకోలేదు. పంచె ఎగ్గట్టి, పార పుచ్చుకుని గట్టు తెంచారు.

గడ్డి పసుపుపచ్చగా తిరిగింది. నేను ఆశ వదిలేసుకుని, "పోయిందండీ" అన్నాను. "పోవడం కాదమ్మా, అలిగింది. నేను బతిమాలుకుంటాగా" అని నవ్వారు. మట్టి ఆరి గట్టిపడేదాకా పైపు ముట్టుకోలేదు. ఆ తరవాత మళ్లీ పొద్దున్నే, కొంచెం కొంచెంగా మొదలుపెట్టారు. రోజూ ఓ గడ్డి కుచ్చు పట్టుకుని మెల్లగా లాగి చూసేవారు. "లాగితే రాకూడదు. వచ్చిందంటే ఇంకా మనది కానట్టే." వేరు పట్టాక నేల బాగా తడిపి, మళ్లీ తడపడానికి కొన్ని రోజులు ఎడం ఇచ్చారు. ప్రెసిడెంటు గారు మోపెడ్ మీద వచ్చి, "ఎండిపోద్దేమోనండీ" అని కంగారు పడేవారు. "రోజూ నోటికి అందిస్తే వేరు కిందకి దిగదండి" అని ఆవిడ నిశ్చింతగా ఉండేవారు.

జెండా పండగనాడు ప్రెసిడెంటు గారే అందరి ముందూ వంగి ఓ కుచ్చు లాగారు. రాలేదు. ఆ వెంటనే ఈల మోగింది, కబడ్డీ మొదలైంది. మొదట పడిన పిల్ల లేచి, మోకాలు చూసుకుని, నవ్వేసి మళ్లీ కూతకి వెళ్లింది. సైకిల్ స్టాండు గేటు పక్కకి పోయింది. ఇప్పుడు నిడదవోలు నుంచి నాకు ఫోను చేసింది, ఆ రోజు మొదట పడిన ఆ పిల్లే.

అంత్యక్రియలకి వెళ్లి వచ్చిన మర్నాడు బడికి త్వరగా వెళ్లాను. గ్రౌండులో ఇంకా ఎవరూ లేరు. అంచు దగ్గర వంగి ఓ కుచ్చు పట్టుకుని లాగాను. ఆవిడ మీద బెంగతో కాస్త గట్టిగానే లాగాను. చెయ్యి తుడుచుకుని నిడదవోలుకి ఫోను చేశాను.

"లాగి చూశానమ్మా" అన్నాను. "రాలేదు."