వెనక మొప్పలు

ఎండ్రకాయను, అదే పీతను, కడిగేటప్పుడు మా అమ్మ ముందుగా తీసి పారేసేది మొప్పల్నే. నేను పరిశోధనలో చేరాక వాటిని పారేయనివ్వడం లేదు. అల్లూరు దగ్గర ఉన్న మా ఊరికి వచ్చినప్పుడల్లా, ఉప్పుకాలువలో పట్టిన ఎండ్రకాయల మొప్పలు కోసి, ముందువి ఒక డబ్బాలో, వెనకవి ఇంకో డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తాను. తర్వాత ప్రయోగశాలకు పట్టుకుపోతాను. కూర అమ్మకి, చెత్త నాకు. ఇద్దరికీ బాగానే కుదిరింది.

నేను వెతికేది కణం పైపొరలో ఉండే ఒక ప్రోటీన్‌ని. అదొక పంపు. సోడియంను బయటికి తోసి, పొటాషియంను లోపలికి లాగుతుంది. జంతువన్నాక అది ఉండాల్సిందే, కానీ అన్ని చోట్లా ఒకే రకం కాదు. మన మూత్రపిండాల్లో ఒక రకం, నరాల్లో ఎక్కువగా ఇంకోటి, గుండెలో రెండు మూడు రకాలు కలిసి కాపురం చేస్తాయి. ఎండ్రకాయకు ముందు మొప్పలు ఎక్కువగా ఊపిరి కోసం. వాన పడి కాలువ నీళ్లు చప్పబడినప్పుడు ఒంట్లో ఉప్పు తగ్గిపోకుండా చూసేవి వెనకవి. పంపులు కిక్కిరిసి ఉండేది వాటిలోనే.

ఇదంతా ఒకరోజు పెరట్లో కూర్చుని అమ్మకు చెప్పాను. ఆమెకు గుండె బలహీనం. నెల్లూరు డాక్టరు రాసిన మాత్రల్లో ఒకటి ఈ పంపు మీదే పనిచేస్తుందని కూడా చెప్పాను. పాఠం మొదలుపెడితే నా నోరు ఆగదు.

“అయితే నా గుండెలో ఉండేదీ దీంట్లో ఉండేదీ ఒకటేనామ్మే?” అంది.

“ఒకటే వంశం,” అన్నాను.

ఆసారి డబ్బాలు ఫ్రిజ్‌లోనే వదిలి వెళ్లాను. మళ్లీ వచ్చేసరికి ముందు మొప్పల డబ్బా నిండుగా ఉంది, వెనకది ఖాళీ. నాకు ఒళ్లు మండింది. పిల్లి పనేమో అనుకుందామంటే పిల్లికి ముందూ వెనకా తెలియదు కదా. అరుద్దామని ఖాళీ డబ్బాతో వంటింట్లోకి వెళ్లి, అమ్మ పాదాలు చూసి ఆగిపోయాను. బాగా వాచి ఉన్నాయి.

“పులుసులో వేసుకున్నా,” అంది తాపీగా. “కాళ్లు నొప్పంటే మేక కాళ్ల సూపు తాగతాం. రక్తం లేదంటే కార్జం తింటాం. గుండెకి ఇది తిన్నా. ఇంక ఆ మాత్ర ఎందుకని మానేసినా.”

భయం వేస్తే నాకు ముందు కోపమే వస్తుంది. అరిచాను. అరుస్తూనే ఆటో పిలిచాను. డాక్టరు ఇంకా గట్టిగా చీవాట్లు పెట్టి మళ్లీ మాత్ర మొదలుపెట్టించాడు. వాపు తగ్గింది. నా ప్రాణం కుదుటపడింది.

అప్పుడు కూర్చోబెట్టి సరిగ్గా చెప్పాను. తిన్న పంపు కడుపులో మామూలు మాంసంలాగే అరిగిపోతుంది. పైగా మొప్పలో ఉండే రకం వేరు, గుండెలోవి వేరు. మాత్ర పంపుకు బలం ఇవ్వదు, దాన్ని కొంచెం పట్టి ఆపుతుంది. అలా ఆపితేనే గుండె గట్టిగా కొట్టుకుంటుంది.

“ఆపితే బలమొస్తాదా? విడ్డూరంగా ఉండాదే,” అని నవ్వింది.

“అసలు మాత్ర ఎందుకు మానేశావమ్మా? రెండూ తినొచ్చు కదా?”

“ఎండ్రకాయల చదువు చదవతా ఉండాదని ఊళ్లో అందురూ నిన్ను ఎగతాళి చేస్తా ఉండారు. మాత్ర గూడా వేసుకుంటే బాగైన పేరంతా డాక్టరు ఖాతాలోకి పోతాది. నా బిడ్డ చదువుతోనే బాగైనానని వాళ్ల మొగాన చెప్పాలనుకున్నా.”

ఆ పూట మాత్ర తీసి అమ్మ చేతిలో పెట్టాను.

మొన్న వెళ్లినప్పుడు అమ్మ పెరట్లో ఎండ్రకాయలు కడుగుతోంది. వెనక మొప్పలు తనే వేరుచేసి నా డబ్బాలో వేస్తోంది. పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి, “ఏందక్కా, కాళ్ల వాపు బాగా తగ్గిందే!” అంది.

అమ్మ తల కూడా ఎత్తలేదు. “నా బిడ్డ చెప్పిన మాత్రే వేసుకుంటా ఉండా,” అంది.

మాత్ర రాసింది నెల్లూరు డాక్టరు. ఆ ఒక్క తప్పును నేను దిద్దలేదు.